అందర్నీ అడిగే ప్రశ్న

పొద్దుటి నుంచీ కుట్టుమిషను ఆగలేదు. ఆ ఇంట్లో అత్తగారికి కోపం వచ్చిందంటే ముందు దెబ్బ తినేది మిషనే. స్కూలు యూనిఫారాల గుడ్డంతా పక్కన గుట్టపోసుకుని కూర్చుంది. కాలు తొక్కుతూనే ఉంది, నోరు ఆడుతూనే ఉంది.

"మధ్యాహ్నానికి వియ్యంకుడు వస్తాడు. కూతుర్ని తీసుకుపోతాడు. ఇందులో ఇంక మాట్లాడేదేమీ లేదు."

మాట్లాడేవాళ్ళెవరు గనక! చిన్నకోడలు లోపలి గదిలో పెట్టె తెరిచి బట్టలు మడత పెడుతోంది. ఐదో నెల. వంగినప్పుడల్లా ఒక చెయ్యి నడుం మీదికి పోతోంది. ఆ పిల్ల మొగుడు, ఇంటిల్లిపాదీ ముంగి అని పిలిచే చిన్నకొడుకు, హాల్లో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కళ్ళద్దాల కొట్లో అద్దాలు అరగదీసే పని అతనిది. ఆ వేళ పనికి పోలేదు. తన కళ్ళజోడే తీసి తుడుస్తున్నాడు, పెట్టుకుంటున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు.

పెద్దకోడలు గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆగింది. ల్యాబ్‌కి వేళ మించిపోతోంది. అయినా కాలు కదలడం లేదు.

"అత్తయ్యా, డాక్టరమ్మ ఒక ప్రశ్న అడిగింది. తీర్పు చెప్పలేదు."

"అడిగిందిగా! నన్ను పక్కన కూర్చోబెట్టుకునే అడిగింది. 'ఇంతకుముందు గర్భం ఏదైనా వచ్చి పోయిందా, ఆలోచించుకుని చెప్పు' అంది. ఆలోచించుకోవాల్సిన సంగతా అది? లేదంటే లేదనడానికి ఎంతసేపు పడుతుంది? ఈ మహాతల్లి నోరు విప్పిందా? నిప్పు లేందే పొగ రాదమ్మా."

"మీరు అడిగిన తీరుకి ఎవరు నోరు విప్పుతారు?"

మిషను టక్కున ఆగింది. "నేనేం కొత్తగా అడిగాను? డాక్టరమ్మ అడిగిన మాటే అడిగాను."

మాట అదే, కాదనలేం. కానీ అత్తగారు అడిగింది మెట్ల మీద నిలబెట్టి, కింద కొట్లోవాళ్ళకీ ఎదురింటివాళ్ళకీ వినపడేలా. "మా వాడి కంటే ముందు ఎవడి కడుపు మోశావే?" అని కాస్త తన సొంతం కూడా కలిపింది. చిన్నకోడలు అప్పుడు మొగుడి వంక చూసి, "మీరు చెప్పండి" అంది. ఆ మహానుభావుడు మెట్లు లెక్కపెడుతున్నవాడిలా తల వంచుకుని పైకి వచ్చేశాడు. నిన్నటి నుంచీ ఆ పిల్ల ఇంట్లో ఎవరితోనూ పలకడం లేదు.

నీళ్ళ పంపుల దగ్గర రాత్రి డ్యూటీ చేసొచ్చిన పెద్దకొడుకు దుప్పటి ముసుగులోంచే భార్యకి హితబోధ చేశాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నువ్వు డ్యూటీకి పో."

"కందకి దురద లేదని మీకెవరు చెప్పారు?" అని విసురుగా మెట్లు దిగింది పెద్దకోడలు.

ల్యాబ్ మందుల షాపు మీది అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో రక్తం తీస్తారు, వెనక గదిలో పరీక్షలు చేస్తారు. పెద్దకోడలు తెల్లకోటు తొడుక్కుంటూనే ఫ్రిజ్ తీసి, తోడికోడలి రక్తం ఉన్న గొట్టం బయట పెట్టింది. ఆ రక్తం తీసింది తనే. పరీక్ష చేసిందీ తనే. 'యాంటీబాడీ ఉంది' అని రిపోర్టు మీద రాసిన చెయ్యీ తనదే. నిన్నటి నుంచీ ఆ చేతిని చూసుకుంటే తనకే చిరాగ్గా ఉంది.

చిన్నకోడలిది నెగెటివ్ గ్రూపు. అంటే ఎర్రకణాల మీద డి అనే యాంటిజెన్ ఉండదు. కడుపులో బిడ్డ పాజిటివ్ అయితే ఆ కణాల మీద అది ఉంటుంది. బిడ్డ రక్తం చుక్క తల్లిలోకి జారిందంటే తల్లి ఒళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపట్టి, సరిగ్గా దానికే పట్టే యాంటీబాడీని తయారుచేస్తుంది. అత్తగారి భాషలో చెప్పాలంటే కొక్కేనికి కాజా లాంటిది, ఇంకో కొక్కేనికి పట్టదు. అలా తయారైంది బిడ్డలోకి వెళ్ళిందా, బిడ్డ ఎర్రకణాలని పట్టుకుని నాశనం చేస్తుంది. మొదటి కాన్పులో సాధారణంగా అంత దూరం రాదు. రెండోదానికి వస్తుంది. డాక్టరమ్మ ఆ ప్రశ్న అడిగింది అందుకే.

 ఇంట్లో అందరూ పిల్ల శీలం గురించే రంకెలేస్తున్నారు. లోపలున్న బిడ్డకేమవుతుందో అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

రక్తం మీద తేరిన సీరాన్ని సెలైన్‌తో సగానికి సగం పలచన చేసుకుంటూ వరసగా గాజు గొట్టాల్లో పోసింది. ఒక్కోదాంట్లో పాజిటివ్ కణాల చుక్క వేసి, ఒంటి వేడంత వేడి ఉన్న నీళ్ళ తొట్టిలో నిలబెట్టింది. యాంటీబాడీ ఉంటే ఆ వేడిలో పోయి కణాలకి అతుక్కుంటుంది. కానీ అతుక్కున్నట్టు కంటికి కనపడదు. అందుకని మిగతాదంతా కడిగేసి, యాంటీబాడీనే పట్టుకునే ఇంకో యాంటీబాడీ కలపాలి. అది పక్కపక్క కణాలని కలిపి లాగుతుంది, అప్పుడు రక్తం ముద్ద కడుతుంది. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి కదా.

గొట్టాలని యంత్రంలో గిర్రున తిప్పి, ఒక్కోటే దీపం ముందు మెల్లగా వంచింది. మొదటిదాంట్లో ముద్ద. రెండోదాంట్లో సన్నటి రవ్వ. మూడోదాంట్లో ముద్దే లేకుండా రక్తం పొగలా లేచి కలిసిపోయింది.

వెనకనించి సీనియర్ మేడం తొంగి చూసింది. ఆవిడ కళ్ళు గొట్టం మీద పడితే చాలు, రిపోర్టు రాసేసినట్టే.

"బలం తక్కువగా ఉందే. ఎవరిది?"

"మా తోడికోడలిది. నిన్న చెప్పాను కదా మేడం."

"ఆ, ఇంట్లో రామరావణ యుద్ధమన్నావు. ఇంతకీ ఆ అమ్మాయికి యాంటీ-డి సూది పడిందా?"

పెద్దకోడలి చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది.

"అడగలేదా?"

"లేదు మేడం."

"అదేమిటి! రోడ్డున పోయేవాళ్ళందర్నీ కూర్చోబెట్టి అడుగుతావే! సూది పడిందా, రక్తం ఎక్కించారా, ఇదెన్నో గర్భం అని వాళ్ళ ప్రాణాలు తోడేస్తావు. నీ తోడికోడల్ని అడగలేదా?"

"మా పిల్లే కదా, నాకు తెలియనిదేముంది అనుకున్నాను."

నిజం అంతే. రక్తం తీసింది ల్యాబ్‌లో కాదు, ఇంట్లో అన్నం బల్ల దగ్గర. అవతల పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "అబ్బా అక్కా, చీమ కుట్టినట్టుంది" అని ఆ పిల్ల నవ్వింది. తనూ నవ్వుతూ సూది తీసి దూది పెట్టింది. పరాయివాళ్ళయితే అడగకుండా సూదే ముట్టుకునేది కాదు.

"మనం అడిగే ఉంటామని డాక్టరమ్మ అడగలేదు. డాక్టరమ్మ అడుగుతుందిలే అని నువ్వు అడగలేదు. సరిపోయింది ఇద్దరికిద్దరూ" అంది మేడం. కోపంగా అనలేదు, అదే ఇంకా గుచ్చుకుంది. "నెగెటివ్ తల్లికి దెబ్బ తగిలినా, రక్తం కనపడినా ఆ సూది వేస్తారు. అందులో ఉండేదీ యాంటీబాడీయే, ఎవరో ఇచ్చిన రక్తంలోంచి తీసింది. తల్లి ఒళ్ళు సొంతంగా తయారుచేసుకునే లోపలే అది పోయి తల్లిలోకి జారిన బిడ్డ కణాలని పట్టేస్తుంది. మన పరీక్షలో అదే కనపడుతుంది."

"అయితే ఇది సూదిదేనంటారా?" పెద్దకోడలి ప్రాణం లేచొచ్చింది.

"అదుగో, ఎగిరి గంతెయ్యకు. సూదిదైతే బలం ఇలా తక్కువే ఉంటుంది, కొన్ని వారాలకి పోతుంది, బిడ్డకేం కాదు. ఒంట్లోనే పుడుతున్నదైనా మొదట్లో ఇలాగే ఉండచ్చు. ఇంట్లో మనిషున్నాడని చెబుతుంది మన పరీక్ష. ఏ గుమ్మంలోంచి వచ్చాడో చెప్పదు. అది అడిగి తెలుసుకోవాలి. వెళ్ళి అడుగు. అన్నీ అడుగు, ఒక్కటీ వదలకు."

పెద్దకోడలు కోటు కుర్చీ మీద పడేసి పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. దారిలో ఫోను చేస్తే చిన్నకోడలు ఎత్తలేదు. ఎత్తి ఏం చేస్తుంది పాపం, నిన్నటి నుంచీ ఆ ఫోన్లో వినపడేవన్నీ పరామర్శలే.

మిషను ఇంకా ఆడుతూనే ఉంది. పెద్దకోడలు అత్తగారిని దాటుకుని నేరుగా లోపలి గదిలోకి పోయింది.

"ఈ మధ్య ఎక్కడైనా సూది వేయించుకున్నావా?"

మడత పెడుతున్న చెయ్యి ఆగింది. చిన్నకోడలు తలెత్తలేదు. "ఆయన్ని అడుగు అక్కా" అంది. నిన్నటి నుంచీ ఆ గొంతు వినడం అదే మొదలు.

ఆయనగారు అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మెల్లగా వదినా, అమ్మ వింటుంది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. పెద్దకోడలు అతని చెయ్యి పట్టుకుని గదిలోకి లాగి తలుపు మూసింది.

"ఏం వింటుంది? చెప్పు."

ముంగి నీళ్ళు నమిలాడు. కళ్ళజోడు తీశాడు. పెళ్ళాం వంక చూశాడు, పెళ్ళాం గోడ వంక చూస్తోంది. ఇక తప్పదని చెప్పుకొచ్చాడు. పోయిన నెలలో ఇద్దరూ చెరువు వైపు షికారుకి వెళ్ళారు. బండి మీద. మలుపులో కంకర మీద చక్రం జారింది. పెద్ద దెబ్బలేం కాదు గానీ ఆ పిల్లకి కాస్త రక్తం కనపడింది. దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి తీసుకుపోతే చూసి, గ్రూపు నెగెటివ్ కాబట్టి సూది వెయ్యాలని వేసి, బిడ్డ బాగానే ఉందని పంపించేశారు.

"బండెక్కడిది నీకు?"

"కొట్టు వెనకాల పెట్టుకుంటాను."

పెద్దకోడలికి అంతా అర్థమైంది. మామగారు పోయింది బండి మీదే. ఆ రోజే అత్తగారు కొడుకులిద్దరి చేతా తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది, రెండు చక్రాల బండి ఎక్కబోమని. పెద్దవాడు ఈ రోజుకీ పంపుల స్టేషనుకి నడిచే పోతాడు.

"అంటే, బండి సంగతి బయటపడుతుందని నీ పెళ్ళాన్ని మెట్ల మీద అలా కడిగేస్తుంటే ఊరుకున్నావా?"

"ఆ సూదికీ ఈ రిపోర్టుకీ సంబంధం ఉందని నాకేం తెలుసు వదినా?"

"సూదికీ రిపోర్టుకీ ఉన్న సంబంధం తెలీదు, సరే. ఈ పిల్లకీ నీకూ ఉన్న సంబంధమన్నా తెలుసా? ఆ మాటలకి 'అమ్మా, నోర్ముయ్యి' అనడానికి ఏ రిపోర్టు కావాల్సొచ్చింది?"

అతను కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చిన్నకోడలు పెట్టె మూత వేసింది.

"వెళ్ళి చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

వెళ్ళాడు. తలుపు సందులోంచి పెద్దకోడలికి అత్తగారి వీపే కనపడుతోంది. మిషను నెమ్మదించింది, ఆగింది.

"బండెక్కావా?" అంది అత్తగారు. ఆ గొంతులో అరుపు లేదు. "నా తల మీద చెయ్యి పెట్టి, బండెక్కావట్రా?"

"అమ్మా, అది కాదు..."

"మీ నాన్నని ఆ గుమ్మంలోంచే తెచ్చార్రా లోపలికి." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముంగి నేల మీద కూర్చుని తల్లి మోకాళ్ళు పట్టుకున్నాడు. దుప్పటి ముసుగులోంచి పెద్దకొడుకు కూడా లేచి వచ్చి, ఎవర్ని ఓదార్చాలో తెలీక మంచినీళ్ళు తెచ్చి తనే తాగేశాడు.

ఏడుపు తెరిపిచ్చాక అత్తగారికి అసలు సంగతి తట్టింది. "అయితే, పిల్ల తప్పేం లేదంటావా?"

"రిపోర్టులో కనపడింది ఆ సూది మందే అయ్యుండచ్చు అత్తయ్యా. ఇంకోసారి చూస్తే గానీ..."

'అయ్యుండచ్చు'నీ 'ఇంకోసారి'నీ అత్తగారు వినిపించుకోలేదు. కళ్ళు తుడుచుకుని గబగబా గదిలోకి వచ్చి, పెట్టె తెరిచి, బట్టలు అల్మారాలో పెట్టడం మొదలెట్టింది. "దీనికా తల్లీ ఇంత రాద్ధాంతం! ముందే ఒక్క మాట చెబితే పోయేదిగా. ఏదో పెద్దదాన్ని, నోరు జారాను. మనసులో పెట్టుకోకు. వేడిగా ఏమన్నా తాగుతావా?"

 అత్తగారు అల్మారాలో పెట్టినవి పెట్టినట్టు తీసి చిన్నకోడలు మళ్ళీ పెట్టెలో పెట్టింది. ఈవిడ అటు, ఆ పిల్ల ఇటు. చూస్తున్న పెద్దకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అంతలో కింద టాక్సీ ఆగిన చప్పుడైంది. చిన్నకోడలి తండ్రి మెట్లెక్కి వచ్చాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"రండి అన్నయ్యగారూ, రండి! ఏం లేదు, చిన్న పొరపాటు జరిగింది. అంతా సర్దుకుంది" అని అత్తగారు ఎదురెళ్ళింది.

"నిన్న ఫోన్లో మీరన్న మాటలకి వాళ్ళమ్మ మంచం దిగలేదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "ఒక్క పూటలో పొరపాటైపోయిందా?"

 చిన్నకోడలు పెట్టె తీసుకుని బయటికి వచ్చింది. "పద నాన్నా."

"అమ్మకి చెప్పేశాను కదా!" ముంగి అడ్డం వచ్చాడు. "అంతా తేలిపోయింది కదా, ఇంకా ఎందుకు వెళ్ళడం?"

"మెట్ల మీద చెప్పాల్సింది" అని అతన్ని తప్పించుకుని దిగిపోయింది.

పెద్దకోడలు వెనకాలే పరిగెత్తింది. తండ్రి పెట్టె వెనక పెడుతున్నాడు. చిన్నకోడలు టాక్సీ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడున్నా సరే, రెండు వారాలకి మళ్ళీ రక్తం ఇవ్వు. సూదిదైతే తగ్గుతుంది. పెరిగిందంటే మాత్రం బిడ్డని జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. ఆలస్యం చెయ్యకు, నా మీద ఒట్టు."

"వస్తాను అక్కా. మీ ల్యాబ్‌కే వస్తాను."

"ఇంకో మాట." పెద్దకోడలు టాక్సీ తలుపు మీద చెయ్యి వేసింది. "రక్తం తీసేటప్పుడు అందర్నీ కొన్ని ప్రశ్నలు అడుగుతాం. నిన్నొక్కదాన్నే అడగలేదు. అదే నేను చేసిన తప్పు. ఎప్పుడైనా నీకు రక్తం ఎక్కించారా?"

"లేదు."

ఇంకొకటి మిగిలింది. అదే మాటని ఇంకోలా అడగడానికి మనసులో నాలుగు రకాలుగా తిప్పి చూసుకుంది పెద్దకోడలు. ఎలా తిప్పినా అదే. అడక్కుండా వదిలేద్దామా అంటే, అడక్కుండా వదిలేసే కదా ఇంత పని చేసింది! ఆ సన్నటి రవ్వ సూదిదో కాదో తేల్చాలంటే డాక్టరమ్మకి ఆ జవాబు కావాలి. బిడ్డకి కావాలి.

"ఇంతకుముందు గర్భం ఏదైనా వచ్చి పోయిందా?"

చిన్నకోడలు చాలాసేపు ఆవిడ మొహంలోకే చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండుననిపించింది.

"డాక్టరమ్మ అడిగింది. అత్తయ్య అడిగింది. ఆయన నోటితో అడగలేదు గానీ నిన్నంతా ఆ చూపుతో అడుగుతూనే ఉన్నాడు. ఈ ఇంట్లో నన్ను అడగంది నువ్వొక్కదానివే అనుకున్నాను అక్కా."

"అది కాదే, బిడ్డ కోసం..."

"తెలుసు. నువ్వు బిడ్డ కోసమే అడిగావు."

"మరి చెప్పు."

చిన్నకోడలు టాక్సీ ఎక్కింది. తండ్రి అటు నించి ఎక్కి తలుపు వేశాడు. టాక్సీ కదిలి, సందు చివర కూరగాయల బళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ పెద్దవీధిలో కలిసిపోయింది.

పెద్దకోడలు వెనక్కి తిరిగింది. మెట్ల మధ్యలో గోడ పట్టుకుని అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడు దిగిందో, ఎంత విన్నదో! ఆవిడ మొహంలో ఇందాకటి పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు.

"ఏమందే?" అంది అత్తగారు గొంతు తగ్గించి. "లేదందా?"